సరోజ వదిలేసిన మొగలి సెంటు

గురువారం, బందరు

మొగలిరేకులతో సరోజ కోసమే నేను చేసిన సెంటుని మా కొట్లో ఎవరికీ అమ్మనని ఆమె సొంత తమ్ముడు శేషగిరి మాటిచ్చాడు. ఏడాది తిరక్కుండా ఊళ్లో ప్రతి పెళ్లిలోనూ అదే వాసన. "ఊరంతా పూసుకునేది నాకెందుకండీ" అంది నా భార్య. మళ్లీ ముట్టలేదు.

ఈ రోజు గుడివాడ నుంచి సుల్తానా వచ్చింది. పాతకాలం సెంట్లు మళ్లీ తయారుచేసి సొంతంగా అమ్ముకుంటున్న పిల్ల. వాళ్ల నానమ్మ పెట్టెలో మా కొట్టు సీసా దొరికిందట. అందులో మిగిలిన వాసన పట్టుకుని, మంగినపూడి ఇసుకలో మొగలిపొదలు వెతికి, అదే సెంటు చేసిందట. దూది మీద చుక్క వేసి ఇచ్చింది. సరోజ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంది.

"తేడా ఏమన్నా ఉందా తాతగారూ?"

"లేదు. కానీ దీన్ని అమ్మకమ్మా."

"బాగుంటే అమ్మొద్దంటారేంటండీ?" అని నవ్వింది. "నిన్ననే ఓ పెళ్లికి పంపేశాను. పెళ్లికూతురికి తెగ నచ్చిందంట."

ఆ పిల్లకేం తెలుసు? క్షమించమని చెప్పే పుస్తకాలు చాలా చదివాను. అవి రాసినవాళ్లు నాలా ఆసుపత్రి మంచం పక్కన సీసా మూత తీసి నిలబడి ఉండరు. ఆఖరి రోజుల్లో ఒక్క చుక్క రాయబోతే సరోజ మొహం తిప్పుకుంది. బావమరిది పోయాడు కదా, ఇంకా కోపమెందుకంటారు అందరూ. ఆ మొహం గోడవైపు తిప్పించింది శేషగిరే.