సెట్ అవుతుందిలే

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి 'సెట్' అనే మాట బంద్!

మా ఆవిడ నర్సు. వేరే ఊరి ఆసుపత్రివాళ్లు హెడ్ నర్సుగా రమ్మన్నారు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. "వెళ్లనా?" అని నన్ను అడిగితే, "సెట్ అవుతుందిలే" అన్నాను.

"ఏది సెట్ అవుతుంది? మీరా, నేనా, పిల్లా? ఆ మాట పక్కన పెట్టి జవాబు చెప్పండి" అంది.

మానేయడం ఎంతసేపు! కుదిరింది, అమిరింది, సర్దుకుంది... తెలుగులో మాటలకేం కరువు? నోరు జారిన రోజు టీవీ రిమోట్ మా అమ్మాయిది.

మంగళవారం, మధ్యాహ్నం

నేను కట్టుడుపళ్లు చేస్తాను. ఒక పెద్దాయన వచ్చి "నా సెట్టు అయిందా?" అన్నాడు.

"మీ పళ్లు రెడీ అండి."

"నా పళ్లు ఎప్పుడో ఊడిపోయాయి బాబూ. సెట్టు సంగతి చెప్పు."

పెట్టి చూశాను. ఆయన రెండుసార్లు కొరికి, "బాగా సెట్ అయింది" అని మురిసిపోయాడు. నేను తల మాత్రం ఊపాను. గెలుపు నాదే.

బుధవారం, సాయంత్రం

ఆ మాట చాలాసార్లు దొర్లింది. కానీ పళ్ల సెట్టు వృత్తి మాట, లెక్కలోకి రాదు. కప్పుల సెట్టు వస్తువు పేరు. పళ్ల అచ్చు సెట్ అవడమంటే గట్టిపడటం. గడియారం సెట్ చేయడమంటే టైము దిద్దడం. ఇవేవీ నేను మానేసిన సెట్ కాదు.

"మరి ఏది లెక్కలోకి వస్తుంది నాన్నా?" అంది అమ్మాయి, రిమోట్ ఒళ్లో పెట్టుకుని.

"మీ అమ్మతో అన్నది."

"మరి అమ్మకు జవాబు చెప్పావా?"

పెద్దవాళ్ల సంగతులు పిల్లలకెందుకో!

గురువారం

"రేపే చెప్పాలి. ఏమంటారు?" అంది ఆవిడ.

"అంటే... ఎలాగోలా... సెట్..." అనేశాను.

ఆవిడ కోప్పడలేదు. లేచి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టుకుంది. కోప్పడినా బావుండేది.

శుక్రవారం, ఉదయం

వంటింట్లోకి వెళ్లి చెప్పేశాను. "నాకు భయంగా ఉంది. పిల్లకు జడ వేయడం రాదు. నువ్వు లేని ఇంట్లో ఉండటం అసలే రాదు. అయినా వెళ్లు. అది నీకు రావాల్సిన ఉద్యోగం."

ఆవిడ స్టవ్ కట్టేసి నావైపు తిరిగింది. "ఈ మాట చాలు" అంది. తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది.

రెండు వారాల తర్వాత, ఆదివారం

కొత్త ఊరి నుంచి ఫోన్.

"గది ఎలా ఉంది? తిన్నావా?"

"అంతా సెట్ అవుతుందిలెండి" అంది.

"ఆ మాట వద్దు. ఉన్నది చెప్పు."

ఏడ్చేసింది. నా కళ్లూ ఆగలేదు. ఇద్దరం ఉన్నదంతా చెప్పుకునేసరికి చాలాసేపు పట్టింది.

రేపటి నుంచి ఆ మాట మళ్లీ బంద్. ఈసారి ఇద్దరికీ.