విచ్చుకున్న కాయ

సిరొంచ, 1984, ఎండాకాలం

నాయనా కొండయ్యా, ఎక్కడున్నా నీ ఒళ్లు చల్లగా ఉండాలి.

సిమ్లా అవతల రోడ్డు పనిలో నా కొడుకుతో ఒకే డేరాలో ఉన్నవాడివి. నువ్వు పంపిన మూట అందింది. వాడి అంగీలు, వాటి మధ్య ఆ పైన్ చెట్టు కాయ. పోయిన దసరాకు వచ్చినప్పుడు దాని గురించే చెప్పాడు. “అమ్మా, ఆ చెట్టుకు అసలు పువ్వే రాదే. కాయ మాత్రం కాస్తది.” నేను నవ్వాను. “పువ్వు లేని కాయేందిరా! మన టేకు చూడు, వానకాలమంత తెల్లగ పూసి గద కాస్తది.”

కొండ విరిగి వాడి మీద పడ్డదని రాశావు గాని, శవం దొరికిందని రాయలేదు. అందుకే దినాలు చేయనివ్వలేదు. మా మరిది ఆదయ్య ఊరుకోడు. “వదినా, ఇంకెన్నాళ్లు? పోయినోనికి నీళ్లిడువాలె గద!”

“నీళ్లు కాయకు పోస్తున్న. చాలదా?” అన్నాను.

జంగలాతు, అదే అడవి శాఖ, నర్సరీలో టేకు కాయలకు చేసినట్టే రాత్రి నానబెట్టాను, పగలు ఎండబెట్టాను. తడిస్తే ముడుచుకుంది, ఎండితే విచ్చుకుంది. ప్రాణం ఉన్నట్టే కదా! వాకిట్లో పాతాను. అది మొలిస్తే నా కొడుకు బతికున్నట్టేనని మొక్కుకున్నాను. ఎంత లోతులో ఉండాలో రాయి.

ఆశన్న తల్లి,
భూదేవి

సిరొంచ, శ్రావణం

కొండయ్యా, బిడ్డా,

నీ జాబు చదివాను. విచ్చుకున్న కాయలో విత్తులుండవని, అవి చెట్టు మీదినుంచే రెక్కలతో ఎగిరిపోతాయని, ఆశన్న ఏరుకునేనాటికే అది ఖాళీ అని రాశావు. తడికి ముడుచుకోవడం ప్రాణం కాదన్నావు. నీ మీద కోపమొచ్చింది. అన్నం ముట్టలేదు. తర్వాత తవ్వి తీశాను. టేకు కాయ ఈ వానకు మొలవకపోతే పై వానకు మొలుస్తుంది, ఎదురుచూడొచ్చు. దీనికి అదీ లేదు.

ఆదయ్యను పిలిచి, “ఇగ కానియ్యి మరిదీ” అన్నాను. ఇన్నాళ్లు నాతో కొట్లాడినవాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

అంగీలతో బొమ్మ చేసి ప్రాణహిత ఒడ్డున కాలుస్తారట. వాడికి తండ్రి లేడు, తోడబుట్టినవాడు లేడు. చిన్నాయన ఉన్నా, ఒకే డేరాలో పడుకున్నవాడివి, కొరివి నువ్వే పెట్టాలి. నువ్వొచ్చేదాకా ఆగమన్నాను.

కొండ విరిగి పడ్డప్పుడు వాడు నన్ను పిలిచాడా అని నేను అడగను. పిలిచి ఉంటే మాత్రం, నిప్పు పెట్టకముందే చెప్పు.

భూదేవి