రెల్లయ్య సైకిలు

సింగపూర్,
ఫిబ్రవరి 2

ప్రియమైన సూరమ్మప్పకి,

తమ్ముడు సింహాచలం దండాలు. సిగ్నల్ కోసం నువ్వు కొండెక్కి "ఆఁ? ఏటీ?" అని అరిచేలోగా నా కోపం చల్లారిపోతుంది. చల్లారడం నాకిష్టం లేదు. అందుకే ఉత్తరం.

ఇవాళ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక పెద్ద కంపెనీ ఆఫీసు కింది హాల్లో గోడకి పలక బిగించాం. మనిషికి రెండింతల ఎత్తు. పైన చుట్టిన కాగితం విప్పి చూద్దును కదా, అది మన గోడ. మన ఇంటి గోడే అప్పా! ఎర్రమన్ను మీద బియ్యప్పిండితో నువ్వు వేసిన అయ్య సైకిలు. చెయ్యి జారి ముందు చక్రం పెద్దదీ వెనకది చిన్నదీ అయ్యాయని ఎజ్జోడు తాత పూజ ఆపి మరీ తిట్టాడు చూడు, ఆ చక్రాలే. మూలన బల్లి కన్నం కూడా పడింది.

కింద ఇంగ్లీషులో ఏదో రాసుంది. ఆ ఆఫీసులో నిఖిల అని ఒక తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. చదివి చెప్పింది. "ఆదివాసులతో సయోధ్యకి మా కంపెనీ కమిట్‌మెంట్ అన్నా. ఈ ఆర్ట్ ఆ విలేజ్ వాళ్ళే గిఫ్ట్ ఇచ్చారంట. సైకిల్ మీద హ్యాపీగా వెళ్తున్నాడు, సో క్యూట్ లా!"

పలక మీది గుర్తు మన కొండ దగ్గర క్వారీ గేటు మీది గుర్తే. సైరన్ మోగించకుండా బాంబు పేల్చి, సంతకి పోతున్న అయ్యని సైకిలుతో సహా రాళ్ళ కింద పెట్టినవాళ్ళు వీళ్ళే. పోయిన మనిషి పేరున వేసుకున్న బొమ్మ వీళ్ళకి ముద్దొచ్చింది. గిఫ్టు ఎవరిచ్చారు? నువ్విచ్చావా?

నాలుగు మరలూ నేనే బిగించాను. 

నీ తమ్ముడు,
సింహాచలం


ఫిబ్రవరి 13

ప్రియమైన తమ్ముడికి,

నువ్విచ్చావా అని అడగడానికి నీకు నోరెలా వచ్చిందిరా? నిరుడు ఒక పిల్ల కెమెరా పట్టుకొచ్చింది. పుస్తకంలో వేస్తామంది. ఎండన పడి వచ్చిందని చోడి జావ పోశాను. ఫొటో తీసుకుని పోయింది.

నా తప్పు లేదనను. మన ఇంట్లో ఆ బొమ్మ ముందు కొత్తవాళ్ళెవరు నిలబడినా అయ్య పేరు చెప్తాం, ఎలా పోయాడో చెప్తాం, ఒక చుక్క కల్లు నేల మీద పోస్తాం. ఆ పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు. పేరు చెప్పకుండా వదిలిన బొమ్మని ఎవడైనా గిఫ్టు అనుకుంటాడు మరి.

ఇప్పుడు అసలు సంగతి విను. మనం నీళ్ళు తెచ్చుకునే గెడ్డ మీది రెండో కొండ కూడా వాళ్ళకి కావాలట. మార్చి 20, శుక్రవారం గ్రామసభ. కాగితం ముందే పంపారు. "గతంలో జరిగిన దురదృష్టకర సంఘటనలను మరచి, ఊరు సంస్థతో సయోధ్య కుదుర్చుకుంది" అని ఉంది. వార్డు మెంబర్ని కదా, మొదటి సంతకం నాదే కావాలట. నాలుగుసార్లు చదివాను. అయ్య పేరు ఎక్కడా లేదు. ఎవరితో కుదిరిందిరా వీళ్ళకి సయోధ్య? ఊళ్ళో సగంమంది రోడ్డు వేస్తారని మెత్తబడ్డారు. కొండ పోతే గెడ్డ పోతుంది, గెడ్డ పోతే మనమూ పోతాం. నేను సంతకం చెయ్యను.

వాళ్ళ పెద్దలు ఉండేది అక్కడే. నువ్వూ అక్కడే ఉన్నావు. అడుగు.

నీ అప్ప,
సూరమ్మ


ఫిబ్రవరి 24

ప్రియమైన అప్పకి,

అడుగుదామనే వెళ్ళాను. అంతకుముందే మా సూపర్‌వైజర్ ఏసుబాబు, వీడిది ఆ ఊరేనండీ అని ఆఫీసులో చెప్పేశాడు. నిఖిల ఎగిరి గంతేసింది. మార్చి 16న పలక ప్రారంభం. దేశదేశాల ఆఫీసర్లు వస్తారట. నేను తలపాగా చుట్టి, మైకు ముందు నాలుగు ముక్కలు తెలుగులో చదవాలట. "మా ఊరు మీ చెయ్యి అందుకుంది. పాత గాయం మానింది." ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్తుందట. చదివితే ఆఫీసులోనే పర్మినెంటు పని.

ఏసుబాబు పక్కకి లాగి చెప్పాడు. "చదివేసి, వాళ్ళు పెట్టే మకాన్ తినేసి వచ్చేయరా బాబూ. తిక్క వేషాలేస్తే పర్మిట్ కట్ చేసి పంపించేస్తారు."

ఒప్పుకున్నాను. భయమేసింది అప్పా. తిట్టాలనుంటే తిట్టు.

నీ తమ్ముడు,
సింహాచలం


మార్చి 5

సింహాచలానికి,

ప్రియమైన అని రాయలేదు, చూసుకో.

పొద్దున్న ఎర్రమన్ను కలిపి గోడంతా అలికేశాను. అమ్మ ఆపలేదు. తనే గెడ్డ నుంచి నీళ్ళు మోసుకొచ్చి పోసింది. అయ్య బొమ్మ ఇప్పుడు ఈ ఊళ్ళో లేదు. ఉన్నది నీ ఎదురుగా ఉన్న ఆ పలకలోనే. దాని ముందు అయ్య పేరు చెప్పాల్సినవాడివి నువ్వొక్కడివే మిగిలావు.

చెప్తావో, వాళ్ళ ముక్కలు చదువుతావో నీ ఇష్టం. చదివితే మాత్రం మా గుమ్మం ఎక్కకు. ఎక్కినా నీ మాట నా చెవిన పడదు.

సూరమ్మ


చాంగీ ఎయిర్‌పోర్టు,
మార్చి 18

ప్రియమైన అప్పకి,

నా మాట చెవిన పడదన్నావు. అందుకే దీన్ని పోస్టులో వెయ్యకుండా నేనే తెస్తున్నాను. గుమ్మం బయటే నిలబడి ఇస్తాను. చదివాక తలుపు సంగతి నువ్వు చూసుకో.

నీ ఉత్తరం పదహారో తేదీ పొద్దున్నే అందింది. మొలలో దోపుకుని వెళ్ళాను. జీలుగు కల్లు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ? హాకర్ సెంటర్లో గ్లాసుడు చెరుకురసం కొన్నాను. మైకు చేతికిచ్చారు. ఆఫీసర్లకి వీపు పెట్టి, బొమ్మ వైపు తిరిగాను. నున్నటి పాలరాతి నేల మీద రసం పోశాను. సెక్యూరిటీ వాడు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే మొదలుపెట్టేశాను.

"సవర రెల్లయ్య. మా అయ్య. ఈయన షికారుకి పోవడం లేదు. బుధవారం పొద్దున్న అల్లం బస్తా కట్టుకుని సంతకి పోతున్నాడు. మీ క్వారీలో సైరన్ మోగలేదు. గాయం మానిందో లేదో మేం చెప్పాలి, మీరు రాసివ్వకూడదు."

ముందు మన సవర మాటలో చెప్పాను, తరవాత తెలుగులో. నిఖిల మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తుందనుకున్నాను. లేదప్పా, ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు అర్థమైంది సైరన్, క్వారీ, రెల్లయ్య, అంతే. ఆ పేరు మటుకు రెండుసార్లు పలికింది. పెద్దాఫీసరు నా భుజం మీద చెయ్యేసి, తరవాత మాట్లాడుకుందామని నిఖిల చేత చెప్పించాడు. మా సభకి రండి, కాగితంలో ముందు ఆ పేరు రాసుకుని రండి అన్నాను. చెయ్యి తీసేశాడు.

సాయంత్రానికి నా పర్మిట్ పోయింది. పోయేముందు ఆఖరి పని, ఆ పలక దింపెయ్యమన్నారు. నేనే బిగించాను, నేనే విప్పాను. నాలుగు మరలూ నా జేబులో ఉన్నాయి.

నిఖిల తను చెప్పిందంతా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి, సంతకం పెట్టి ఇచ్చింది, సభలో చదవమని. ఆ అమ్మాయి తెలుగు నిండా తప్పులే. అయ్య పేరు మాత్రం తప్పు లేకుండా రాసింది.

గురువారం పొద్దున్నకి ఊళ్ళో ఉంటాను. సభకి ఇంకా ఒక రోజుంటుంది. నువ్వు బియ్యం నానబెట్టు, గోడ నేను తడుపుతాను. ఈసారి సైకిలు నేను వేస్తాను. ముందు చక్రం పెద్దదిగానే వేస్తాను. అంత దూరంలో అయ్యని దాన్ని చూసే గుర్తుపట్టాను.

గుమ్మం బయటే ఉన్నాను.

నీ తమ్ముడు,
సవర రెల్లయ్య కొడుకు సింహాచలం