అరుగు కింది నీళ్లు

ధర్మవరం
12-6-1981

ప్రియమైన తమ్ముడు కదిరప్పకు అక్క రామాంజినమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కాబట్టి రాయను.

మొన్న మంగళవారం వాన పడింది. మూడేళ్ల తర్వాత మృగశిర కార్తెలో వాన. వీధి వీధంతా బయటికొచ్చి తడిసింది. నేను మాత్రం ఇంట్లో కూర్చుని మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడాను. మీ బావ కాళ్లు మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాయి. పడుగు తడిసిపోయింది. అంచులోని కుంకుమ రంగు పక్కనున్న గంధం రంగులోకి పాకింది. ఇరవై రోజుల నేత పాడయింది.

ఆ నీళ్లు ఎందుకు వచ్చాయో చెబుతాను. మా పక్కిల్లు సావుకారు ఓబుళేసుది. మాకు పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునేదీ అతనే. ఈ వేసవిలో అతని మిద్దెకూ మా గోడకూ మధ్య ఉన్న సందునంతా కలుపుకొని అరుగు కట్టించాడు. నడుమెత్తు రాతి కంబాలు, వాటి మీద బండలు, కిందంతా ఖాళీ. కొనడానికి వచ్చినవాళ్లు చల్లగా కూర్చుని చీరలు చూడాలట. అతని మిద్దె మీది నీళ్లన్నీ ఆ అరుగు మీద పడి, బండల సందుల్లోంచి కిందికి దిగి, మా గోడ అడుగున లోపలికి వస్తున్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ సందులో పడ్డ నీళ్లు ఎటు పోయేవో మాకు తెలియదు, మా ఇంట్లోకి మాత్రం ఎన్నడూ రాలేదు.

వెళ్లి అడిగాను. కుర్చీలోంచి లేవకుండా ఏమన్నాడో తెలుసా? "వాన కురిపిచ్చింది దేవుడమ్మా. నన్నడిగితే ఏం జెప్పల్ల? మూడేండ్లకు వానొస్తే సంతోషపడేది పోయి ఏడుస్తాండావే!"

పట్టు వాళ్లదే, జరీ వాళ్లదే, ఇప్పుడు నీళ్లు కూడా వాళ్లవే. మీ బావ సంగతి నీకు తెలుసు కదా. "పోనీలేవే, పెద్దోళ్లతో మనకెందుకు" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతోంది.

నువ్వు మగ్గం వదిలి యాడికి ఊళ్లో బండల పనిలో చేరి పదేళ్లయింది. మేస్త్రీవి. ఇలాంటి అరుగు కింద నీళ్లకు దారి పెట్టాలా వద్దా? నువ్వే చెప్పు.

నీ అక్క,
రామాంజినమ్మ

*

యాడికి
20-6-1981

ప్రియమైన అక్కకు తమ్ముడు కదిరప్ప నమస్కారాలు.

నీ జాబు అందింది. చదివి మనసు బాగాలేదు. బావను తడిసిన గుంటలో కూర్చోనివ్వకు, కాళ్లు పాసిపోతాయి. గుంట ఆరేదాకా అడుగున బూడిద, పొడి మన్ను పోసి, అవి తడి పీల్చాక ఎత్తి పారెయ్యండి.

అరుగు కింద నీళ్లకు దారి పెట్టాల్సిందే. కింది నేల ఇంటి గోడ వైపు కాకుండా వీధి వైపు వాలు ఉండాలి. గోడ పక్కన బంకమన్ను దట్టించాలి. నడుమ రాతి కాలవ వేసి వీధి కాలవలో కలపాలి. నువ్వు ఒక పని చెయ్యి. అరుగు మీద నాలుగు బిందెల నీళ్లు పోయించి, వంగి కిందికి చూడు. నీళ్లు ఎటు పాకుతున్నాయో, ఎంతసేపు నిలుస్తున్నాయో చూసి రాయి.

ఆ అరుగు ఎవరు కట్టారు? ఎలా కట్టాలో వాళ్లకు ఎవరు చెప్పారని ఓబుళేసు ఏమైనా అన్నాడా? అది కూడా రాయి.

నీ తమ్ముడు,
కదిరప్ప

*

ధర్మవరం
26-7-1981

ప్రియమైన తమ్ముడు కదిరప్పకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఓబుళేసు తాడిపత్రి పోయిన రోజు చూసి నాలుగు కాదు, పది బిందెలు పోశాను. ఈ ఎండకు బోరింగు దగ్గర బిందె నిండేసరికి చేతులు పడిపోతాయి, అలాంటిది పది బిందెలు నేలపాలు చేశాను. చీర తడుస్తున్నా లెక్కచేయకుండా మోకాళ్ల మీద వంగి అరుగు కిందికి చూశాను. ఒక్క చుక్క వీధి వైపు పోలేదు. అన్నీ మా గోడ దగ్గరికే వచ్చి చేరాయి. పొద్దు వాలేదాకా నిలిచి, మెల్లగా గోడ తాగేసింది. ఇటు మా ఇంట్లో గోడ మూరెడు ఎత్తు చెమ్మెక్కింది. చేత్తో తోస్తే మన్ను రాలుతోంది.

అతను వచ్చాక పిలిచి చూపించాను. "చూడన్నా, నేల మా పక్కకే వాలి ఉండాది. నాలుగు బండలెత్తి కాలవ తీపిచ్చు" అన్నాను. బతిమాలే అడిగాను, ఒట్టు.

"బండలెత్తితే మళ్ల అట్లనే కూర్చుంటాయామ్మా? నీకు ఈ ఇల్లు పడకపోతే ఇంగో ఇల్లు చూసుకో. నా పట్టు నేసేకి ధర్మవరంలో మగ్గాలు లేవనుకున్నావా?" అన్నాడు.

అదీ సంగతి. నోరెత్తితే పట్టు తీసేసుకుంటాడు. మూసుకుంటే గోడ కూలుతుంది. మీ బావ కాలివేళ్ల సందుల్లో పుండ్లు పడ్డాయి. అయినా ఆ తడి గుంటలోనే కూర్చుని నేస్తున్నాడు.

కట్టింది బుక్కరాయసముద్రం నుంచి వచ్చిన మేస్త్రీలు. పని అయిపోయి వెళ్లిపోయారు. వాళ్లకు ఎవరు చెప్పారో నాకేం తెలుసు? అది తెలిసి నీకేం పని? నువ్వు ఒకసారి వచ్చి నీ కళ్లతో చూడు. మేస్త్రీ మాట అంటే ఆడదాని మాటలా తీసిపారెయ్యడు.

ఎదురుచూస్తూ,
నీ అక్క

*

యాడికి
9-8-1981

ప్రియమైన అక్కకు,

ఇప్పుడు రాలేను. పని ఒత్తిడిగా ఉంది. మగ్గాన్ని వీలైతే అవతలి గోడ వైపు జరపండి. గోడ అడుగున లోపలి నుంచి మట్టికట్ట వెయ్యండి.

ఓబుళేసుతో ఎక్కువ వాదన పెట్టుకోకు. అయిందేదో అయింది. ఎవరు ఎలా కట్టమన్నారో ఇప్పుడు తవ్వుకుంటే లాభం లేదు. బావకు పుండ్ల మీద పూయడానికి పసుపు నూనె కాచి ఇవ్వు.

నీ తమ్ముడు,
కదిరప్ప

*

ధర్మవరం
30-9-1981

కదిరప్పా,

శనివారం పొద్దున గోడ పడింది. మూడు రోజుల ముసురుకు అడుగంతా నానిపోయి మగ్గం మీదికి ఒరిగింది. మీ బావ గుంటలోనే ఉన్నాడు. ఎడమ కాలి మీద రాయి పడి మడమ ఎముక విరిగింది. పడుగు తెగింది, మగ్గం కట్టెలు విరిగాయి, సగం నేసిన చీర బురదలో కలిసింది. అతన్ని బయటికి లాగేటప్పుడు కూడా "చీర చూడవే" అనే అన్నాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టించి ఇంట్లో పడుకోబెట్టి, ఆ బురద చేతులతోనే అరుగెక్కాను. కొనడానికి వచ్చిన వాళ్లు, వీధి వాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అందరి ముందూ అడిగాను. ఓబుళేసు ఒక్క మెట్టు కూడా తగ్గలేదు.

"నన్నేమంటావమ్మా? బండలకు యాడికి పోయినప్పుడు మీ తమ్మున్నే అడిగినా. కాలవ దండగ, మన సీమలో వాన యాడొస్తాదని నవ్వింది మీ తమ్ముడే. ఆయప్ప మాట మిందనే కట్టిచ్చినా. పో, పోయి మీ ఇంట్లోవాన్ని అడుగు!"

నేను దిగి వచ్చేశాను. అరుగు మీద ఒకతను నవ్వాడు కూడా.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు మళ్లీ చదివాను. ఓబుళేసు ఎవరి పేరైనా చెప్పాడా అని ఎందుకు అడిగావో అప్పుడు అర్థమైంది. ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. నీళ్లు పోసి చూడమన్నావు. బోరింగు దగ్గర నిలబడి పది బిందెలు మోసి, మోకాళ్ల మీద పడి నీ తప్పును నేనే కొలిచాను. జూన్‌లోనే ఒక్క మాట చెప్పి ఉంటే మగ్గం అక్కడి నుంచి తీసేసేవాళ్లం. ఆ కాలు ఈరోజు బాగుండేది.

నిజమా కాదా? ఒక్క మాట రాయి. వేరే ఏమీ రాయొద్దు.

రామాంజినమ్మ

*

యాడికి
6-10-1981

అక్కా,

నిజం.

వేరే ఏమీ రాయొద్దన్నావు. కానీ ఇది రాయకపోతే మళ్లీ దాచినట్టే అవుతుంది.

మాఘమాసంలో ఓబుళేసు బండల కోసం మా దగ్గరికి వచ్చాడు. అరుగు కొలతలు చెప్పాడు కానీ అది మీ గోడకు ఆనుకుంటుందని చెప్పలేదు. నేనూ అడగలేదు. అక్కడే ఒక బండ మీద సుద్దముక్కతో గీసి చూపించాను. కంబాలు ఎక్కడ, బండలు ఎలా, నడుమ కాలవ ఎలా అని. "ఈ గీత ఏందప్పా?" అన్నాడు. "నీళ్లు పోయే దారన్నా" అన్నాను. "ఏ నీళ్లు?" అన్నాడు. అక్కడ బండలు కొడుతున్న వాళ్లంతా పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. "నిజమే లేన్నా, మన సీమలో వాన యాడొస్తాది, కాలవ దండగ" అని ఆ గీతను కాలితో చెరిపేశాను.

మూడేళ్లు వాన చూడనివాళ్లం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది చాలదు. కాలవ లేకుండా అరుగు కట్టకూడదని నేర్చుకున్నవాణ్ని నేను, సావుకారు కాదు. పదిమంది నవ్వుతుంటే పని తెలిసినవాడు కూడా నవ్వకూడదు.

నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే తెలిసిపోయింది. నువ్వు నన్ను మేస్త్రీ అని నమ్మి అడిగావు. ఆ నమ్మకం పోతుందని భయపడ్డాను. నా పరువు కోసం బావ కాలు పోగొట్టాను.

సోమవారం వస్తున్నాను. గునపం, పార తెచ్చుకుంటాను. తలుపు తీయకపోయినా ఫరవాలేదు. పని వీధిలోనే కదా.

కదిరప్ప

*

ధర్మవరం
22-11-1981

ప్రియమైన తమ్ముడు కదిరప్పకు,

నువ్వు పోయి నెల దాటింది. వచ్చిన ఐదు రోజుల్లో నీతో నేను ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నం కూడా నేను పెట్టలేదు. మీ బావే కర్ర ఊతంతో మోసుకొచ్చి పెట్టాడు. అంత కోపం ఉండింది. ఇప్పుడూ కొంత ఉంది.

కానీ కిటికీలోంచి అంతా చూశాను. మొదటి రోజు నువ్వు గునపం పెట్టగానే ఓబుళేసు పరుగున వచ్చి, "బండ ఎత్తితే పోలీసుల్ని పిలుస్తా" అని అరిచాడు కదా. అప్పుడు మీ బావ మిగిలిన పట్టు మూట చంకన పెట్టుకుని కుంటుతూ వచ్చి అరుగు మీద పెట్టాడు. "సావుకారీ, నీ పట్టు నువ్వు తీసుకపో. బండ మాత్రం లేస్తాది" అన్నాడు. ఆ మాటకు నువ్వు గునపం దించావు, ఓబుళేసు మూట తీసుకుని పోయాకే బండ ఎత్తావు. నేను లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి పెద్దగా మాట్లాడటం అదే మొదటిసారి.

నువ్వు పోయిన వారానికి గట్టి వాన పడింది. వెళ్లి అరుగు పక్కన నిలబడ్డాను. నువ్వు మా గోడ వెంబడి దట్టించిన బంకమన్ను దగ్గరికి నీళ్లు రానే రాలేదు. బండల సందుల్లోంచి జారినవి జారినట్టే రాతి కాలవలోకి దిగి, వీధి వైపు బుడబుడమని పోయాయి. గోడ పడి మేం తాటాకులు అడ్డం కట్టుకున్న చోట కూడా నేల పొడిగానే ఉంది. పని బాగుంది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఇక అసలు సంగతి.

ఈ నెల పదకొండో తేదీన ఒకతను వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పేరు ఎర్రప్ప, ఊరు బుక్కరాయసముద్రం. ఈ అరుగు కట్టిన మేస్త్రీ. వేరే పని మీద వచ్చి, అందరూ నిన్ను తిడుతుంటే విన్నాడట.

"అమ్మా, మీ తమ్మునిదే తప్పంటాండారు. అది కాదు. కంబాలకు గుంతలు తీసేటప్పుడు మాకు పాత రాతి కాలవ దొరికింది. మన్ను కింద నిక్షేపంగా ఉండాది. నీళ్లు దాంట్లోనే పోతాండె. సావుకారికి చూపిస్తి. ఇది బయటపడితే సందు వీధిదంటారు, మునిసిపాల్టీ వాళ్లు అరుగు కట్టనీరు, పూడ్సు అన్నాడు. పగిలిన బండముక్కలు కొట్టి పూడ్చినాం. మాదీ తప్పే" అన్నాడు.

ఇరవై ఏళ్లు నీళ్లు ఎటు పోయాయో అప్పుడు తెలిసింది. నువ్వు నడుమనా, మా గోడ పక్కనా తవ్వావు. ఆ పాత కాలవ మిద్దె పక్కన ఉంది. అందుకే నీ కంట పడలేదు.

"ఈ మాట నాకు కాదప్పా, అరుగెక్కి చెప్పు" అన్నాను. "మాకు పని ఇచ్చేది ఆయప్పే గదమ్మా" అని నసిగాడు. "మాకూ పట్టు ఇచ్చింది ఆయప్పే" అన్నాను. నా వెనకే వచ్చాడు.

ఓబుళేసు మొదట అరిచాడు. వీధివాళ్లే రెండు బండలు ఎత్తారు. అడుగు లోతున పాత కాలవ, దాని నిండా మీ యాడికి బండల ముక్కలు. ఆ రోజు నన్ను చూసి నవ్వినవాడు కూడా అక్కడే ఉన్నాడు, తల తిప్పుకున్నాడు. "వాన దేవుడిదన్నా. ఈ రాళ్లు ఎవరివి?" అని అడిగాను. ఓబుళేసు మిద్దెలోకి పోయాడు. నీ మాట మీద కట్టాను అన్నాడే, నీ మాట అతనికి అక్కర్లేదు. సందు కాజేసిన దొంగతనం కప్పుకోవడానికి నీ నవ్వు దొరికింది, వాడుకున్నాడు.

ఇప్పుడు మాకు గోడ కట్టిస్తున్నాడు. సిగ్గుపడి కాదు, వీధంతా కలిసి మునిసిపాలిటీకి కాగితం రాస్తామన్నందుకు. పాత కాలవ కూడా తీయించాడు. నేతగాళ్ల సంఘం వాళ్లు మాకు పట్టు ఇస్తున్నారు. మీ బావ కాలు నేల మీద ఆనిస్తున్నాడు గానీ మునుపటిలా తొక్కలేడు. మగ్గం బాగుచేయించుకున్నాం, గుంటలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను, అతను పైనుంచి పోగులు చూస్తాడు.

ఇదంతా నీకు ఆ రోజే రాయొచ్చు. పదకొండు రోజులు రాయలేదు. మీ బావ రోజూ అడుగుతున్నాడు, "రాస్తివా వానికి?" అని. రాస్తాలే అంటూ వచ్చాను. నువ్వు ఇంకొన్నాళ్లు ఆ బరువు మోయాలి అనిపించింది, అదీ నిజం. ఓబుళేసు అబద్ధం ఆడాడు, వాడు నాకు పరాయివాడు. నువ్వు నాలుగు నెలలు నా దగ్గర దాచావు. నీ తప్పు తగ్గింది కదిరప్పా, పోలేదు. కానీ ఈ పదకొండు రోజులు నేనూ నీ దగ్గర దాచాను కదా. అందుకే రాస్తున్నాను.

ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కి రా. ఈసారి గునపం వద్దు. తలుపు తీసే ఉంటుంది, అన్నం నేనే పెడతాను. నిన్ను తిట్టాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంది. అది ఉత్తరాల్లో పట్టదు.

నీ అక్క,
రామాంజినమ్మ