ముందు సార్‌కు ఫోన్

ఇబ్రహీంపట్నం, గురువారం రాత్రి

ఎల్లుండే సౌదీ నర్సింగ్ లైసెన్స్ పరీక్ష. సెలవు అడిగితే ఇవ్వలేదు. చదువుకోవాల్సిన ఈ చివరి రోజులూ నర్సింగ్ హోమ్‌లోనే పోతున్నాయి.

పొద్దున యాచారం నుంచి ఒక అవ్వను ఆటోలో తెచ్చారు. ఊపిరాడక ఆయాసపడుతోంది. మంచం తలవైపు ఎత్తబోయాను. మా సీనియర్ స్వరూపక్క చెయ్యి పట్టుకుంది.

"సార్ చెప్పకుండ ఏం ముట్టకు. ముందుగాల ఫోన్ చెయ్."

డాక్టర్ సార్ ఫోన్ తీసేదాకా అవ్వ నా ముఖమే చూస్తూ ఉంది. చివరికి ఆయన చెప్పిందీ తలవైపు ఎత్తమనే. ఎత్తగానే కాస్త తేరుకుంది. "సల్లగుండు బిడ్డా" అంది. ఆ మాటకు సిగ్గేసింది.

సాయంత్రం మాక్ టెస్ట్‌లో అదే ప్రశ్న. రోగికి ఊపిరాడడం లేదు, నర్సు మొదట ఏం చేయాలి? "డాక్టర్‌కు తెలపాలి" నొక్కాను. తప్పని ఎర్రగా వచ్చింది. సరైన జవాబు, ముందు మంచం తలవైపు ఎత్తాలి. పోయినసారి ఫెయిలైందీ ఇలాంటి ప్రశ్నల్లోనే.

జవాబు తెలియక కాదు. చదివిందంతా గుర్తుంది. వేలు మాత్రం స్వరూపక్క మాటే వింటోంది. రేపు పొద్దున్నే మళ్లీ డ్యూటీ. ఇంకో రోజంతా అదే నేర్చుకుని, పరీక్షకు పోతాను...