నాన్న ముందు పెట్టాల్సిన గిన్నె

ఎల్వీరా అక్కకు, నీ గుమ్మాన్ని ప్రభువు కాయుగాక.

ఆదివారం నుంచి అమ్మ ముద్ద ముట్టడం లేదు. ఇలాగే ఉంటే ప్రాణం నిలవదని డాక్టరు చెప్పేశాడు. ఈరోజు నేనే పొయ్యి ముందు నిలబడ్డాను. నాన్న తన చైనా హోటల్లో చేసినట్టే కోడిముక్కల్ని పెద్ద మంట మీద సోయా సాసులో వేయించి, పసుపురంగు మిరపకాయలు మాడ్చి కలిపి, నిమ్మకాయ పిండాను. ఆ ఘాటుకు మెక్సికాలిలో మన వీధంతా తుమ్మింది. అమ్మ వాసన పీల్చి లేచి కూర్చుంది.

"మీ నాన్నకు పెట్టావా?" అంది.

"నాన్న ఏనాడో పోయాడు కదమ్మా."

"పోతే ఆకలెయ్యదంట్రా? చర్చిలో ఊరందరికీ జీవాహారం పంచే మొనగాడివి, కన్నతండ్రికి గిన్నెడు పెట్టలేవా? ఆయనకు పెట్టకుండా నేనేనాడైనా తిన్నానా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ గోడ మీదే నాన్న ఫోటో ఉండేది. అది విగ్రహారాధన అని ఆ ఆదివారమే నేను తీసి నీకు పంపేశాను. తప్పు చేశానని ఇప్పటికీ అనను. చనిపోయినవాళ్ళకు అన్నం పెట్టడాన్ని వాక్యం ఒప్పుకోదు. తల్లిని సన్మానించమన్నదీ ఆ వాక్యమే. వేదిక మీద సాతానును గద్దించే నాకు, అక్కా, అమ్మ నోరు తెరిపించడం చేతకావడం లేదు. బైబిల్లో, తన రాజు కోసం రిమ్మోను అనే అన్యదేవత గుడిలో వంగక తప్పని సేనాపతి నయమానును ఎలీషా ప్రవక్త తప్పుపట్టకుండా, నెమ్మదిగలిగి వెళ్ళమని సాగనంపాడు. పొద్దుటి నుంచి ఆ పేజీ దాటలేకపోతున్నాను.

వెంటనే బస్సెక్కి రా. ఫోటో తీసుకురా. కోడి నేను వండుతాను, మొదటి గిన్నె నువ్వు వడ్డించు. ఎవరి ముందు పెట్టావని నేను అడగను.

నీ తమ్ముడు