రోజూ చేసే పనే, ఇంగ్లీష్‌లో

బుధవారం

నాకు రావాల్సిన, వడ్డించేవాళ్లందరి మీద ఉండే కెప్టెన్ పోస్టును మేనేజర్ అభిషేక్‌కు ఇచ్చాడు. ఈ ఫంక్షన్ హాల్లో నేను రెండేళ్లుగా వడ్డిస్తున్నాను. వాడు మొన్న చేరాడు. బిర్యానీ డేగ్ మూత తీయమంటే ఆవిరికి జడిసి వెనక్కి గెంతుతాడు! మీటింగ్‌లో మేనేజర్ నన్నడిగింది ఒక్క ప్రశ్న: "వాట్ డు యూ డూ ఎవ్రీ డే?" నేను తెలుగులో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టాడు. అభిషేక్ ఇంగ్లీష్‌లో గడగడా అప్పజెప్పాడు. వాడు చెప్పినవన్నీ నేను చేసే పనులు!

పై అంతస్తులో కొత్త హాల్ తెరుస్తున్నారు. ఇంకో కెప్టెన్ కావాలి. మంగళవారం మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాడట.

ప్రతిజ్ఞ: రోజూ చేసే ఏ పనైనా ముందు ఇంగ్లీష్‌లో పైకి చెప్పాలి, తర్వాతే చేయాలి. చెప్పకపోతే చాయ్ బంద్!

గురువారం

ఐ వేక్ అప్. ఐ బ్రష్. ఐ ఫిల్ వాటర్. ఇంత సుళువా? ఇన్నాళ్లూ దీనికా భయపడి చచ్చాను!

"ఏందే, పొద్దుగాల్నే గా గొణుగుడు?" అంది అమ్మ.

"ఐ డ్రింక్ చాయ్."

"తాగు మరి. ఎవరొద్దన్నరు?"

డ్యూటీలో వలీమా, నిఖా తర్వాత ఇచ్చే విందు. ఐ లిఫ్ట్ ప్లేట్స్. ఐ వైప్ ది టేబుల్. నా పక్కన వడ్డించే మజీదా కాసేపు చెవి పెట్టి విని, "క్యా బడ్‌బడా రై? దువా చదువుతున్నవా, ఎవరినన్న తిడుతున్నవా?" అంది.

"ఐ వర్క్."

"గదైతే కనబడుతనే ఉంది. జర జల్దీ వర్క్ చెయ్. గా పెద్దాయన రైతా కోసం గంటసంది చూస్తుండు."

ఎన్ని చాయ్‌లు తాగానో! అన్నీ న్యాయంగా సంపాదించినవే!

శుక్రవారం

నల్లా దగ్గర పక్కింటి సత్తెమ్మ అత్త వరుస తప్పి బిందె పెట్టింది. "షీ పుట్స్..." అని మొదలుపెట్టాను. మిగతా మాటలు వెతుక్కునేలోపు ఆమె బిందె నిండిపోయింది. ఇక ఆగలేక తెలుగులోనే దులిపేశాను.

కొట్లాట రోజూ చేసే పని కాదు. లెక్కలోకి రాదు. మా గల్లీలో అది రోజూ జరిగేదే అనుకోండి. అయినా లెక్కలోకి రాదు.

శనివారం

రేపు లాల్‌దర్వాజా బోనాలు. గోడలకు సున్నం, గడపకు పసుపు, కుండకు బొట్లు. అన్నీ ఏడాదికోసారి చేసే పనులే. ఒక్కదానికీ ఇంగ్లీష్ అక్కర్లేదు. హాయి! చాయ్ కూడా చెప్పకుండానే తాగాను. పండుగ చాయ్ వేరు.

ఆదివారం

నిన్నటి తప్పు కడుక్కుందామని తెల్లారినప్పటి నుంచి ఇంగ్లీష్ అందుకున్నాను. ఉపవాసం. నెత్తిన బోనం. కదలని లైన్. "ఐ వాక్. ఐ స్టాండ్. ఐ స్వెట్." డప్పుల మోతలో నా మాట నాకే వినపడక గొంతు పెంచాను. కాళ్లు లాగుతుంటే కాస్త అటూ ఇటూ ఊగాను. అంతే!

సత్తెమ్మ అత్త నా ముఖంలోకి చూసి కేకేసింది: "ఓ బాలమ్మా! నీ బిడ్డకు శిగమొచ్చిందే!"

పూనకమట, నాకు! మా అమ్మ నా నెత్తి మీది బోనం దించుకుంది. ఎవరో వేపకొమ్మలు చేతిలో పెట్టారు. ఎవరో పసుపు నీళ్లు కుమ్మరించారు. నాలిక పిడచకట్టుకుపోయి, "ఐ డ్రింక్ వాటర్!" అని అరిచాను.

"ఇదేం భాష తల్లీ? మాకు తెల్వది!"

"వాటరంటుంది, నీళ్లంట!" అని వెనక నుంచి ఎవరో. ఇంకో బిందె కుమ్మరించారు. తాగడానికి ఒక్కరూ ఇవ్వలేదు!

అత్త లెంపలేసుకుని దండం పెట్టింది. "తల్లీ, వరుస తప్పి బిందె పెట్టిన, తప్పైంది. మా పోరని పెండ్లి ఎప్పుడైతదో చెప్పు."

"అత్తా, నేను స్రవంతినే! శిగం లేదు, ఏం లేదు! ఇంగ్లీష్ నేర్చుకుంటున్న!"

డప్పులు ఆగాయి.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దానే? ఉత్తగ లెంపలేసుకుంటి గద!"

గల్లీ మొత్తం పడీ పడీ నవ్వింది. నేనైతే కింద కూర్చుని నవ్వాను. ఆ తర్వాత ఇంగ్లీష్ బంద్. నేను నోరు తెరిస్తే చాలు, జనం ఎగతాళిగా చేతులు జోడిస్తున్నారు!

సోమవారం

అమ్మవారి ఘటం ఊరేగింపు. డ్యాన్స్! డ్యాన్స్! గొంతు పోయింది. ప్రతిజ్ఞ కూడా. చాయ్‌లు తాగుతూనే ఉన్నాను.

మంగళవారం

మేనేజర్ ఏసీ గదిలో కూర్చుని, ఫోన్ చూసుకుంటూ అదే ప్రశ్న అడిగాడు.

"ఐ వేక్ అప్," అన్నాను. నేర్చుకున్న మిగతాదంతా డప్పుల్లో కొట్టుకుపోయింది.

"గంతేనా?" నవ్వాడు. తల కూడా ఎత్తలేదు.

ఒళ్లు మండింది. ఆ మంటలోంచే ఇంగ్లీష్ ఊడిపడింది. "ఐ క్యారీ. ఐ సర్వ్. గెస్ట్ షౌట్స్, ఐ స్మైల్. అభిషేక్ ఫర్గెట్స్, ఐ రన్. యూ సిట్. ఎవ్రీ డే!"

తలుపు బయట మజీదా కిసుక్కుమంది. మేనేజర్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. తల ఎత్తాడు.

"సరే, చూద్దాం తియ్," అన్నాడు.

చూద్దామా? రెండేళ్లు చూసింది చాలదా?

బుధవారం

మళ్ళీ మొదలు! ఐ వేక్ అప్. ఐ బ్రష్. ఈసారి పండుగ మినహాయింపు లేదు. కొట్లాట కూడా ఇంగ్లీష్‌లోనే. మొదటిది మేనేజర్‌తోనే. చాయ్ తాగకముందే ఆయనకు వాయిస్ మెసేజ్ పెట్టాను:

"సార్, ఐ వాంట్ ది పోస్ట్. ఐ డూ ది వర్క్. చూద్దాం అంటే నడ్వది. ఎస్సో, నోవో, యూ టెల్ మీ. ఫ్రైడే, సిక్స్ ఓ క్లాక్ లోపల."